దాచుకున్న పాట

కొత్తగా పరిచయమైన వారిని మనం తరచుగా అడిగే ప్రశ్నలలో ఒకటి: "మీకు ఎటువంటి పాటలంటే ఇష్టం?" ఈ ప్రశ్నకు చాలామంది దగ్గర రెండు సమాధానాలు ఉంటాయి. ఒకటి పైకి చెప్పేది, రెండవది లోపల దాచుకునేది. పైకి చెప్పే సమాధానంలో త్యాగరాజ కీర్తనలు, అన్నమయ్య సంకీర్తనలు, ఘంటసాల పాడిన పాత పాటలు ఉంటాయి. దాచుకున్న సమాధానం ఏమిటో ఆ మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు తీసే కూనిరాగం చెబుతుంది. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వారు వాయించే పాట, జాతరలో మైకునుంచి మోగే పాట, పిల్లలు గంతులు వేసే సినిమా పాట వినిపించగానే మన పాదం తెలియకుండానే తాళం వేస్తుంది. ఎవరైనా చూస్తున్నారని తెలియగానే ఆ పాదం ఆగిపోతుంది. ఇష్టపడటం, ఇష్టపడినందుకు సిగ్గుపడటం రెండూ ఒకే క్షణంలో జరిగిపోతాయి. ఇటువంటి ఇష్టాన్ని 'చాటు ఇష్టం' అందాం.

చాటు ఇష్టం పైకి చిన్న సంగతిగానే కనిపిస్తుంది. నవ్వుకుని వదిలివేయదగినదే అనిపిస్తుంది. కాని ఆ సిగ్గు ఎక్కడినుంచి వచ్చిందని వెదుక్కుంటూ వెళితే అది మన చెవినుంచి పుట్టినది కాదని తెలుస్తుంది. శిశువూ, పశువూ, పాము కూడా గానరసాన్ని ఎరుగునని పెద్దలు అంటారు. ఆనందించడానికి చెవికి ఎవరి అనుమతీ అక్కరలేదు. సిగ్గు మాత్రం ఇతరుల కళ్లనుంచి వచ్చి మన చెవిలో చేరుతుంది. అందువల్ల చాటు ఇష్టాన్ని గురించి మాట్లాడటమంటే సంగీతాన్ని గురించి మాట్లాడటం మాత్రమే కాదు. మనం ఎవరిని గొప్పవారుగా, ఎవరిని తక్కువవారుగా చూస్తున్నామో చెప్పుకోవడం కూడా.

ఇతరులకు చెప్పే ముందు నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. మాది ఆలంపూరు. తుంగభద్ర ఒడ్డున, ఆ నది కృష్ణలో కలిసే చోటికి చేరువలో ఉన్న ఊరు. ఒకనాడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. క్రీస్తు శకం 7, 8 శతాబ్దాలలో బాదామి చాళుక్యుల కాలంలో వెలసిన నవబ్రహ్మ ఆలయాలు, అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటైన జోగులాంబ ఆలయం, షా అలీ పహిల్వాన్ దర్గా మా ఊరి పేరును దూరదూరాలకు చేర్చాయి. చిన్నతనంలో నాకు వాటి చరిత్ర తెలియదు. నాకు తెలిసినది కళ్లాల కాలంలో మా ఊరికి వచ్చే ఒక వృద్ధుడు. ఆయన భుజాన కిన్నెర ఉండేది. వెదురు దండెకు సొరకాయ బుర్రలు కట్టి, మైనంతో మెట్లు అమర్చి చేసిన వాద్యమది. మేము పిల్లలం ఆయనను 'కిన్నెర తాత' అని పిలిచేవాళ్లం. ఆయన తీగ మీటి పండుగ సాయన్న కథ ఎత్తుకునేవాడు. ఉన్నవారిని కొల్లగొట్టి లేనివారికి పంచిపెట్టిన వీరుడిగా పాలమూరు జనం పాడుకునే సాయన్న కథ అది. కథ ముగిసేసరికి పొద్దు వాలేది. మా అమ్మ ఆయన జోలెలో చేటెడు జొన్నలు పోసేది. ఆ రాత్రి నిద్రలో కూడా నాకు ఆ తీగ మోగుతున్నట్లే ఉండేది.

ఇంటర్మీడియట్ చదవడానికి నేను నది దాటి కర్నూలు వెళ్లాను. వసతిగృహంలో నా గదిలోనివారు బాగా చదువుకున్న కుటుంబాలనుంచి వచ్చినవారు. వారిలో ఒకరు చిన్ననాటినుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాడు. మరొకరి దగ్గర గజళ్ల క్యాసెట్లు ఉండేవి. నీకు ఏవి ఇష్టమని వారు అడిగినప్పుడు త్యాగరాజ కీర్తనలని చెప్పాను. అప్పటికి నేను విన్న కీర్తనలు రెండో మూడో. ఒకనాటి సాయంత్రం మేమందరం గేటు దగ్గర నిలబడి ఉండగా, కిన్నెర భుజాన వేసుకుని ఆ తాత అటు వచ్చాడు. నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగింది. "ఏం కొడ్కా, మంచిగున్నవా? మీ నాయిన మంచిగున్నడా?" అని అడిగాడు. మిత్రులు నా వైపు చూశారు. నేను ఆయనను ఎరగనట్లు నిలబడ్డాను. ఆయన ఒక్క క్షణం ఆగి, కిన్నెరను భుజంమీద సరిచేసుకుని, మరేమీ అడగకుండా వెళ్లిపోయాడు. ఆ రోజు నేను దాచుకున్నది ఒక పాటనే అనుకున్నాను. నిజానికి నేను కాదన్నది ఒక మనిషిని. ఈ సంగతి అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇటువంటి సిగ్గు వ్యక్తులకే కాదు, సంస్థలకూ ఉంటుంది. ఒకప్పుడు మన దేశపు రేడియోకే అది ఉండేది. 1940 మార్చి 1 నుంచి ఆకాశవాణి కేంద్రాలలో హార్మోనియం వాద్యాన్ని నిషేధించారు. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. నిషేధానికి చెప్పిన కారణం పూర్తిగా అర్థంలేనిది కాదు. హార్మోనియంలో ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క స్వరం స్థిరంగా ఉంటుంది. ఒక స్వరంనుంచి మరొక స్వరానికి జారుతూ, ఊగుతూ సాగే గమకాలను ఆ మెట్లు పలికించలేవు. రవీంద్రనాథ్ ఠాగూరు వంటి మహాకవి కూడా ఆ వాద్యాన్ని ఇష్టపడలేదు. అయితే గమక ప్రధానమైన సంగీతానికి ఒక వాద్యం చాలదనడం వేరు, ఆ వాద్యం అసలు వినదగినదే కాదనడం వేరు. 1885లో ఆరంభమైన సురభి నాటక సమాజాల మొదలు పల్లెలలోని చిన్న బృందాల దాకా మన పద్యనాటకమంతా హార్మోనియం శ్రుతిమీదనే నడిచింది. శ్రీకృష్ణుడూ, హరిశ్చంద్రుడూ రాగం తీస్తుంటే రాత్రంతా మేలుకుని 'వన్స్‌మోర్' అని కేకలు వేసిన జనానికి, తమను అంతగా ఆనందపెట్టిన ఆ వాద్యానికి రేడియోలో ప్రవేశం లేదని తెలిసినప్పుడు ఏమనిపించి ఉంటుంది? నాటకం చప్పట్లకు మాత్రమే తగినదనీ, గౌరవానికి తగినది కాదనీ అనిపించి ఉండదా?

హార్మోనియం తరువాత వంతు సినిమా పాటకు వచ్చింది. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాన్ని ప్రేమించినవారు. ప్రజల అభిరుచిని ఉన్నతం చేయాలన్నది ఆయన కోరిక. సినిమా పాటలు ఆ అభిరుచిని చెడగొడుతున్నాయని భావించి ఆకాశవాణిలో వాటికి కేటాయించిన సమయాన్ని తగ్గించారు. పాట ఏ సినిమాలోనిదో ప్రకటించడం కూడా మానివేశారు. నిర్మాతలు కోపించి ప్రసార అనుమతులను వెనక్కు తీసుకున్నారు. దానితో జనం సినిమా పాటలు వినడం మానలేదు. రేడియో ముల్లును సిలోన్ కేంద్రం వైపు తిప్పుకున్నారు. 1952 చివరిలో రేడియో సిలోన్‌లో మొదలైన 'బినాకా గీత్‌మాలా' దేశమంతటా ఇంటింటి కార్యక్రమమైంది. చివరకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణి తానే 'వివిధ భారతి'ని ప్రారంభించి, వెలివేసిన పాటలను మళ్లీ పిలుచుకోవలసి వచ్చింది. శాస్త్రీయ సంగీతానికి రేడియోలో చోటు కల్పించినందుకు కేస్కర్‌ను మెచ్చుకోవాలి. ఆ సంగీత సమ్మేళనాలవల్ల ఎందరో సామాన్యులు మహావిద్వాంసుల గానం వినగలిగారు. అయితే ఆయన అనుభవం మనకొక పాఠం నేర్పుతుంది. మంచి పాటను వినిపించి అభిరుచిని పెంచవచ్చు. ఇష్టమైన పాటను మూసివేసి పెంచలేం. తలుపు మూస్తే ఇష్టం పోదు, కిటికీలోనుంచి దూరి వస్తుంది.

ఇక ఏ సంగీతాన్ని అడ్డుపెట్టుకుని మనం ఇతర పాటలను చిన్నచూపు చూస్తామో, ఆ సంగీతాన్ని నిర్మించిన మహానుభావుల సంగతి చూద్దాం. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు తన 'పండితారాధ్య చరిత్ర'లో ఆనాటి జనం పాడుకునే తుమ్మెద పదాలను, గొబ్బి పదాలను, వెన్నెల పదాలను పేరుపేరునా ప్రస్తావించాడు. అవి పామరుల పాటలని ఆయన విడిచిపెట్టలేదు. ఆయన చెప్పబట్టే అవి ఉండేవని నేడు మనకు తెలుస్తున్నది. 15వ శతాబ్దపు అన్నమాచార్యుడు దంపుళ్ల పాటల 'సువ్వి'ని, జోలపాటల 'లాలి'ని, ఆడపిల్లల గొబ్బి పాటను ఏడుకొండలవాని సన్నిధికి చేర్చాడు. సంగీత త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులు ఈస్టిండియా కంపెనీ దళాల బ్యాండు మేళంనుంచి వినిపించిన పాశ్చాత్య బాణీలను చెవిన వేసుకుని, వాటికి సంస్కృతంలో దేవతాస్తుతులు కూర్చారు. వాటినే 'నోట్టుస్వర' రచనలంటారు. ఇంగ్లండు రాజును కీర్తించే గీతపు బాణీలో కూడా ఆయన రచన ఒకటి ఉంది. బ్యాండు మేళం బాణీ తనకు నచ్చిందని చెప్పుకోవడానికి దీక్షితులకు లేని సిగ్గు, బ్యాండు మేళం విని పాదం కదిపినందుకు మనకెందుకు?

శాస్త్రీయం, లలితం, జానపదం, సినిమా అని మనం గీసిన గీతలు కూడా అనుకున్నంత గట్టివి కావు. 1980లో వచ్చిన 'శంకరాభరణం' చిత్రం శాస్త్రీయ సంగీతపు గొప్పతనాన్ని చాటిన చిత్రమని అందరమూ అంటాం. ఆ గొప్పతనాన్ని ఊరూరికీ చేర్చినది సినిమా పాటే. అందులో పాడినందుకు జాతీయ పురస్కారం అందుకున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గురుముఖంగా శాస్త్రీయ సంగీతం అభ్యసించినవారు కారు. దక్షిణాది చిత్రాలలో హుషారైన నృత్యగీతాలకు పేరుపొందిన ఎల్.ఆర్. ఈశ్వరి తమిళనాట అమ్మవారి భక్తిగీతాలకూ అంతే పేరుపొందారు. ఆమె గొంతు ఒక్కటే. ఒక పాటకు చేతులు జోడించి, మరొక పాటకు ముఖం తిప్పుకునేది మనమే.

అయితే ఈ సిగ్గువల్ల ఎవరికి నష్టం? వినేవాడికి పెద్ద నష్టమేమీ లేదు. చాటుగా విన్నా పాట పాటే. నష్టపోయేది పాడేవాడు. పాటలకు మనం వేసే మెట్లు చాలావరకు మనుషులకు వేసిన మెట్లే. కిన్నెరను తరతరాలుగా నిలిపినవారు ఊరి చివర బతుకుతూ, భిక్షాటనతో పొట్టపోసుకున్న డక్కలి కళాకారులు. వాద్యం తక్కువదని ఎవరూ పరీక్షించి తేల్చలేదు. వాయించేవారిని తక్కువగా చూశారు కనుక వాద్యమూ తక్కువదైపోయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఇక్కడ మరింత చేదుగా నిజమైంది. మెచ్చేవారు లేక, పొట్ట గడవక కళాకారుని బిడ్డ కిన్నెరను అటకమీద పెడితే దానిని తప్పుపట్టగలమా?

మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకే చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరను విడిచిపెట్టలేదు. 2022లో విడుదలైన 'భీమ్లా నాయక్' చిత్రంలోని పాటతో ఆయన గొంతు తెలుగువారందరికీ పరిచయమైంది. అదే సంవత్సరం భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకూ ఆ గౌరవం దక్కింది. పాలమూరు పల్లె పదాన్నే తన కవిత్వంగా చేసుకున్న గోరటి వెంకన్న 'వల్లంకి తాళం' కావ్యానికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఇవి సంతోషించవలసిన విషయాలు. అయితే మొగులయ్య పూటగడవక కూలిపనికి వెళుతున్నారన్న వార్తను 2024లో పత్రికలలో చదివినప్పుడు, పాటను ఇష్టపడటానికీ పాడినవారిని గౌరవించడానికీ మధ్య ఎంత దూరం ఉన్నదో తెలిసివచ్చింది. చాటు ఇష్టం ఆ దూరాన్ని దాటలేదు. ఇష్టాన్ని నలుగురిలో ఒప్పుకున్నప్పుడే ఆ దూరం తగ్గడం మొదలవుతుంది.

సిగ్గు ఒక దిక్కునుంచే రాదన్న సంగతి కూడా గుర్తించాలి. నేటి కళాశాలలలో త్యాగరాజ కీర్తన ఇష్టమని చెప్పుకోవడానికి జంకే విద్యార్థులున్నారు. తోటివారు 'ముసలి పాటలు' అంటారని భయం. నాయనమ్మ బతుకమ్మ పాట ఎత్తుకుంటే కొత్త పాటలు పెట్టమనే మనుమరాళ్లున్నారు. 2014లో బతుకమ్మ తెలంగాణ రాష్ట్ర పండుగ అయింది. పూలు పేర్చడం, ఫోటోలు తీసుకోవడం పెరిగాయి. మరి ఆ పాటను మొదటినుంచి చివరి వరకు పాడగలిగినవారు మన ఇళ్లలో ఎందరున్నారు? ఒకప్పుడు కీర్తన చాటున దాగి కిన్నెరను కాదన్న నేను, నేడు ఇతరుల భయానికి కీర్తనను దాచుకునే పిల్లవాడు - ఇద్దరమూ చేసిన తప్పు ఒక్కటే. ఇద్దరమూ సొంత చెవిని నమ్మలేదు.

ఇంతవరకు చదివి, అన్ని పాటలూ సమానమేనని నేను చెబుతున్నానని అనుకోవద్దు. ఏళ్ల తరబడి సాధన చేసి ఒక రాగాన్ని గంటసేపు ఆలపించే విద్వాంసుని కృషినీ, రెండు రోజులలో అల్లిన బాణీనీ ఒకే తక్కెడలో తూచలేం. అలాగే ప్రతి సిగ్గూ తప్పు కాదు. ఆడవారిని ఆటవస్తువులుగా చూపే పాటలున్నాయి. ఒక కులాన్నో, ఒక ప్రాంతపు యాసనో, ఒక మనిషి రంగునో ఎగతాళి చేసే పాటలున్నాయి. బాణీ బాగున్నందువల్ల అవి నాలుకమీదికి వచ్చి చేరతాయి. అటువంటి పాటను పాడుతూ పాడుతూ హఠాత్తుగా మాటలు అర్థమై మనం ఆగిపోతే, ఆ సిగ్గు మంచిది. అది ఎదుటివాడి చూపునుంచి వచ్చినది కాదు, మన మనస్సాక్షినుంచి వచ్చినది.

ఈ రెండు సిగ్గులనూ వేరు చేసుకోవడానికి ఒక చిన్న ప్రశ్న చాలు. 'ఈ పాట ఎవరు పాడతారు, ఎవరు వింటారు అన్నది తలచుకుని సిగ్గుపడుతున్నానా? ఈ పాట ఏమంటున్నది అన్నది తలచుకుని సిగ్గుపడుతున్నానా?' మొదటిదైతే ఆ సిగ్గును వదులుకోవాలి. రెండవదైతే ఆ పాటను వదులుకోవాలి. పాట శాస్త్రీయమా, జానపదమా, సినిమాదా అన్న ప్రశ్నకు ఈ విచారణలో చోటు లేదు. నీచమైన మాటకు గొప్ప రాగం కట్టినా అది నీచమే. నిజమైన బాధను డప్పుమీద చెప్పినా అది గొప్పదే.

అభిరుచి పెరగడమంటే పాత ఇష్టాలను ఒక్కొక్కటిగా చంపుకుంటూ పోవడం కాదు. వాటి పక్కన కొత్త ఇష్టాలకు చోటు చేయడం. నేను తరువాతి కాలంలో కీర్తనలను నిజంగానే విన్నాను, నిజంగానే ప్రేమించాను. నా మొదటి అబద్ధం అలా నిజమైంది. తోడి రాగంలోని గమకం చెవికి పట్టుబడిన రోజున నాకు కిన్నెర చిన్నబోలేదు. ఆ తాత తీగను కొద్దిగా లాగి వదిలినప్పుడు సాయన్న తల్లి ఏడుపు ఎందుకు అంతగా తాకేదో ఆ రోజున మరింత బాగా అర్థమైంది. ఒక సంగీతం తెలిసిన చెవి మరొక సంగీతాన్ని ఇంకా బాగా వింటుంది.

మా ఊరిలో నేటికీ చూడదగిన దృశ్యం ఒకటి ఉంది. శ్రీశైలం ప్రాజెక్టువల్ల కృష్ణా తుంగభద్రల సంగమ ప్రాంతంలోని కూడవెల్లి సంగమేశ్వరాలయానికి ముంపు తప్పలేదు. అప్పుడు ఆ ఆలయాన్ని రాయి రాయిగా విప్పి, ఆలంపూరుకు తెచ్చి, మళ్లీ ఏ రాయి స్థానంలో ఆ రాయిని పేర్చి నిలబెట్టారు. ఆ ప్రాకారం దగ్గర నిలబడినప్పుడల్లా ఆ పనిచేసినవారికి మనసులో నమస్కరిస్తాను. వెంటనే మరొక ఆలోచన వస్తుంది. ఆ నీటిలో గుళ్లతోపాటు పల్లెలూ మునిగాయి. ఆ పల్లెలలో నాట్ల పాటలు, తిరగలి పాటలు, పీర్ల పండుగ పాటలు ఉండి ఉంటాయి. పాటను విప్పి, బండిమీద వేసి, మరొక చోట పేర్చడం సాధ్యం కాదు. అది మనిషి గొంతులో కూర్చుని ప్రయాణం చేయవలసిందే. ఆ గొంతు సిగ్గుపడితే ఏ ఆనకట్టా కట్టకుండానే పాట మునిగిపోతుంది.

కిన్నెర తాత మళ్లీ నాకు కనిపించలేదు. ఆయన పేరేమిటో కూడా నేను ఏనాడూ అడగలేదు. ఆయనకు చెప్పవలసిన మాటను ఇప్పుడు మీతో చెబుతున్నాను. రేపు మీ మిత్రులు మీకు ఏ పాట ఇష్టమని అడిగినప్పుడు ఒక్క క్షణం ఆగండి. నాలుకమీదికి వచ్చిన మొదటి సమాధానాన్ని పక్కన పెట్టి, నిజంగా మీ చెవిలో మోగుతున్న పాట పేరు చెప్పండి. అది మీ అమ్మ వంటింట్లో పాడుకునేది కావచ్చు, మీ వీధి చివర డప్పు వాయించేవారిది కావచ్చు, సంగీత కచేరీలో విన్నది కావచ్చు, నిన్ననే వచ్చిన సినిమాలోనిది కావచ్చు. వీలైతే ఆ పాట పాడినవారి పేరు కూడా అడిగి తెలుసుకుని చెప్పండి.